సాయుధ పోరాట స్తూపాల దారిలో సైకిల్ యాత్ర: హైదరాబాద్ నుంచి మూడు రోజులకు సమగ్ర మార్గదర్శి

జనగామ, సిద్దిపేట జిల్లాల పల్లెల్లో తెలంగాణ సాయుధ పోరాట అమరుల స్తూపాలు ఊరూరా కనిపిస్తాయి. వాటిని సైకిల్ మీద చూసి రావాలంటే ఏ దారి పట్టాలి, ఏమేం మోయాలి, ఎక్కడ పడుకోవాలి అని చాలామంది అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది. పోరాట చరిత్రను ముందుగా చదువుకుని రండి. ఇక్కడ చెప్పేది బయలుదేరడం, తొక్కడం, చూడడం, క్షేమంగా తిరిగి రావడం గురించి మాత్రమే.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది దూరం సంగతి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) సైకిల్ ట్రాక్ మీద పొద్దున్నే 100 కిలోమీటర్లు తొక్కే అలవాటున్నవారు ఇక్కడా అదే లెక్క వేసుకుంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకు దొడ్డి కొమరయ్య ఊరు కడవెండి చేరతారు. అప్పటికి ఊరంతా పొలాల్లో ఉంటుంది. స్తూపం ముందు ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోవాల్సి వస్తుంది. పల్లెలో మనుషులు తీరికగా దొరికేది పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. ఆ రెండు వేళల్లో మీరు ముఖ్యమైన ఊళ్లలో ఉండేలా దారి గీసుకోవాలి. రోజుకు 60 నుంచి 80 కిలోమీటర్లు మించితే అది కుదరదు.

## 1. కాలం, గాలి, పంట

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. డిసెంబరులో సూర్యోదయం ఆరున్నర దాటాకే, సూర్యాస్తమయం ఆరు కాకముందే. అంటే తొక్కడానికి పదకొండు గంటల వెలుతురు ఉంటుంది. అందులో ఆరు గంటలు తొక్కి, ఐదు గంటలు ఆగుతూ పోతే సరిగ్గా సరిపోతుంది.

చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. హైదరాబాద్ నుంచి జనగామ తూర్పు దిక్కు. కాబట్టి వెళ్లేటప్పుడు రైలెక్కి, వచ్చేటప్పుడు తొక్కితే గాలి వీపు మీద ఉంటుంది. వచ్చేటప్పుడు నేల కొద్దిగా ఎత్తుకు పోతున్న మాట నిజమే. అయితే ఆ ఎత్తు పదుల కిలోమీటర్ల మీద పరుచుకుని ఉంటుంది, కాళ్లకు తెలియదు. ఎదురుగాలి మాత్రం ప్రతి నిమిషం తెలుస్తుంది.

పంట క్యాలెండర్ కూడా చూసుకోండి. వానాకాలం వరి కోతలయ్యే రోజుల్లో పల్లె రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. కుప్ప అంచున రాళ్లు పెడతారు, రాత్రిపూట నల్ల టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో ఆ రాళ్లూ టార్పాలినూ కనిపించవు. డిసెంబరు చివర, జనవరిలో యాసంగి నాట్లకు దమ్ము చేస్తారు. కేజీవీల్స్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) ఉన్న ట్రాక్టర్లు పొలం నుంచి రోడ్డెక్కిన చోట బురద ముద్దలు పడి ఉంటాయి. అవి తడిగా ఉంటే జారుడు, ఎండితే రాయితో సమానం.

కార్యక్రమాలు జరిగే రోజుల్లో వెళ్లాలనుకునేవారికి ముఖ్యమైన తేదీలు ఇవి: జులై 4 (దొడ్డి కొమరయ్య వర్ధంతి, 1946), ఆగస్టు 27 (బైరాన్‌పల్లి ఊచకోత, 1948), సెప్టెంబరు 10 (చాకలి ఐలమ్మ వర్ధంతి, 1985), సెప్టెంబరు 17 (హైదరాబాద్ సంస్థానం విలీనం, 1948). అన్నీ వానాకాలంలోనే వస్తాయి. మొదటిసారి వెళ్లేవారు ఈ తేదీలకు బస్సులో వెళ్లి, సైకిల్ యాత్ర చలికాలానికి పెట్టుకోవడం మేలని మా అభిప్రాయం.

## 2. దారి గీయడం

మ్యాప్‌లో మొదటి తప్పు ఊరి పేరు దగ్గరే జరుగుతుంది. పాలకుర్తి పెద్దపల్లి జిల్లాలోనూ ఉంది, మద్దూరు నారాయణపేట జిల్లాలోనూ ఉంది. మనకు కావాల్సింది జనగామ జిల్లా పాలకుర్తి, సిద్దిపేట జిల్లా మద్దూరు. కడవెండి దేవరుప్పుల మండలంలో ఉంది. బైరాన్‌పల్లిని ఇప్పుడు వీర బైరాన్‌పల్లి అంటారు. ఆ పేరుతో వెతికితేనే సరైన ఊరు దొరుకుతుంది. పాత పుస్తకాలు చూసి దారి గీసేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: పోరాట కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. పుస్తకంలో నల్గొండ అని ఉందని మిర్యాలగూడ వైపు వెతకొద్దు.

మేము చెప్పే వరుస ఇది:

ముందురోజు సాయంత్రం: రైల్లో జనగామ. లాడ్జిలో నిద్ర.

మొదటి రోజు: జనగామ – దేవరుప్పుల – కడవెండి – విసునూరు – పాలకుర్తి – జనగామ. ఆరున్నరకు కదిలితే కడవెండికి ఎనిమిదిన్నర లోపు చేరతారు. విసునూరు దగ్గర ఎండ మొదలవుతుంది. మధ్యాహ్నం పాలకుర్తిలో భోజనం చేసి, సోమేశ్వరస్వామి గుట్ట నీడన సేద తీరి, ఎండ తగ్గాక ఐలమ్మ స్మారకం చూసుకుని వెనక్కి తిరగండి. పోతన ఊరైన బమ్మెర పక్కనే ఉంది. టైముంటేనే వెళ్లండి, లేకపోతే వదిలేయండి. జనగామ చేరేసరికి చీకటి పడకూడదు.

రెండో రోజు: జనగామ – మద్దూరు – వీర బైరాన్‌పల్లి – చేర్యాల – కొమురవెల్లి. ఈ రోజంతా బైరాన్‌పల్లి కోసమే అనుకోండి. అక్కడ కనీసం రెండు గంటలు ఉంచుకోండి. దూరం తక్కువే కనుక తొందర అక్కర్లేదు.

మూడో రోజు: కొమురవెల్లి – చేర్యాల – బచ్చన్నపేట – ఆలేరు – భువనగిరి. ఆలేరు దగ్గర కొలనుపాకలో ఆగవచ్చు. ఆలేరు తర్వాత వరంగల్ హైవే తప్పదు. భువనగిరిలో యాత్ర ముగించండి. ఓపిక ఉంటే రావి నారాయణరెడ్డి ఊరు బొల్లేపల్లి కూడా ఆ చుట్టుపక్కలే ఉంది.

భువనగిరి నుంచి నగరం దాకా తొక్కుకుంటూ రావాలని చాలామంది పంతం పడతారు. ఘట్‌కేసర్ దాటాక ఉప్పల్ దాకా బస్సులు, లారీలు, సర్వీసు రోడ్డులో ఎదురొచ్చే బైకులు. మూడు రోజుల అలసట మీద అది అవసరం లేని ప్రమాదం.

దారి గీశాక మ్యాప్‌ను ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి. ఊళ్ల పేర్లు వరుసగా తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని హ్యాండిల్ బ్యాగులో పెట్టుకోండి. దారి అడిగేటప్పుడు గమ్యం పేరు చెప్పొద్దు, తర్వాతి ఊరి పేరు అడగండి. "చేర్యాలకు ఎట్ల పోవాలె" అంటే పెద్ద రోడ్డే చూపిస్తారు.

## 3. రైల్లో సైకిల్

1. పార్సిల్ ఆఫీసుకు రైలు టైముకు కనీసం రెండు గంటల ముందు వెళ్లండి. ప్రయాణ టికెట్, గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి.
2. ఆ రైలుకు లగేజీ బోగీ ఉందా, మీరు దిగే స్టేషన్లో దించుతారా అని అడిగి తేల్చుకోండి. చిన్న స్టేషన్లలో రైలు ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది. జనగామలో దించడం కుదరదంటే కాజీపేటకు బుక్ చేసి, అక్కడి నుంచి పొద్దున్నే జనగామ వైపు తొక్కండి.
3. పెడళ్లు విప్పండి, హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టండి. వెనుక గేర్ డిరేలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) మీద అట్టముక్క చుట్టి టేపు వేయండి. రైల్లో దెబ్బతినేది ఎక్కువగా అదే.
4. లైట్లు, పంపు, బాటిళ్లు, బ్యాగులు మీ వెంటే ఉంచుకోండి.

ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. విప్పేటప్పుడు కుడివైపు తిప్పాలి. తెలియక బలంగా తిప్పితే మర పాడవుతుంది.

## 4. సైకిల్ సిద్ధం చేయడం

ఈ దారికి గేర్లున్న హైబ్రిడ్ సైకిలైతే చాలు. టైరు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. రేసు సైకిలు సన్న టైరు పల్లె రోడ్ల గుంతల్లో రిమ్ముకు కొట్టుకుని ట్యూబుకు పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. గాలి వెనుక 55, ముందు 50 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, మీ బరువును బట్టి ఐదారు అటూ ఇటూ మార్చుకోండి. టైరు పక్కన రాసిన గరిష్ఠ పరిమితి దాటొద్దు.

బయలుదేరడానికి పది రోజుల ముందు:

- చైన్ అరుగుదల కొలవండి. గేజీ 0.75 దగ్గర దిగితే చైన్ మార్చండి. అరిగిన చైన్‌ను అలాగే వాడితే వెనుక పళ్లు కూడా అరిగి ఖర్చు మూడింతలవుతుంది.
- బ్రేకు ప్యాడ్లు గాడి దాకా అరిగితే కొత్తవి వేయండి.
- వెనుక చక్రం స్పోకులు ఒక్కొక్కటి వేళ్లతో నొక్కి చూడండి. బరువు మోసేది వెనుక చక్రమే. వదులైన స్పోకు పక్క స్పోకును కూడా విరగ్గొడుతుంది.
- సీటు ఎత్తు: పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ పెడితే కాలు తిన్నగా రావాలి. అంతకన్నా తక్కువైతే రెండో రోజుకే మోకాలి ముందు భాగం నొప్పి పుడుతుంది.
- క్యారియర్ బోల్టులు విప్పి, మరకు లాకింగ్ జిగురు రాసి బిగించండి.

సామాను వీపు మీద మోయొద్దు. వీపు మీద ఆరు కిలోలున్నా మెడ పట్టేస్తుంది, చెమట ఆరదు. క్యారియర్‌కు రెండు వైపులా వేలాడే బ్యాగులు వేసి, రెంటిలో బరువు సమానంగా సర్దండి. మొత్తం ఎనిమిది కిలోలు దాటకుండా చూడండి. అన్నీ సర్దుకున్నాక, బయలుదేరే వారం ముందు అదే బరువుతో గండిపేట చుట్టూ 40 కిలోమీటర్లు తొక్కి రండి. రాపిడి, గిలగిల చప్పుడు, బ్యాగుకు మడమ తగలడం, అన్నీ ఆ రోజే బయటపడతాయి.

## 5. మోయాల్సినవి

మరమ్మతుకు: ట్యూబులు రెండు, ప్యాచ్ కిట్, టైరు లివర్లు మూడు, చేతి పంపు, మల్టీటూల్, చైన్ క్విక్‌లింక్ రెండు, బ్రేకు వైరు ఒకటి, గేరు వైరు ఒకటి, మీ సైకిల్‌కు సరిపోయే డిరేలర్ హ్యాంగర్ (డిరేలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క), జిప్ టైలు పది, చిన్న చైన్ ఆయిల్, పాత గుడ్డ, సన్నటి ప్లయర్.

ఒంటికి: హెల్మెట్, మెరిసే జాకెట్, రెండు జతల తొక్కే బట్టలు, సాయంత్రానికి ఒక జత మామూలు బట్టలు, చలి జాకెట్, టవలు.

ఇతరాలు: ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు, కట్టు గుడ్డ, యాంటిసెప్టిక్, ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు, పవర్ బ్యాంకు, ఆధార్, చిల్లర నోట్లు, నోట్‌బుక్కు, పెన్ను.

మామూలు బట్టలు తప్పకుండా ఉండాలి. బిగుతైన సైకిల్ నిక్కరుతో స్తూపం దగ్గరికి, ఇళ్ల ముందుకు వెళ్తే పెద్దవాళ్లు మాట్లాడడానికి మొహమాటపడతారు. నిక్కరు మీద వేసుకునే పల్చటి ప్యాంటు ఒకటి పైనే, చేతికందేలా పెట్టుకోండి.

పంపు విషయంలో చాలామంది ఇరుక్కుంటారు. పల్లెలోని పంక్చర్ షాపులో బైకులకు గాలి కొట్టే కంప్రెసర్ ఉంటుంది. మీది సన్నటి ప్రెస్టా వాల్వు అయితే దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే తొడిగి ఉంచండి. కంప్రెసర్ వాడినా క్షణం పెట్టి తీసి, చేత్తో నొక్కి చూసుకుంటూ నింపాలి. రెండు సెకన్లు ఎక్కువైతే ట్యూబు పేలుతుంది.

## 6. పంక్చర్: ఈ దారిలో తప్పనిది

సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ. రోడ్డు పక్కన ఆగినప్పుడల్లా ఈ రెండూ ఎదురవుతాయి. తుమ్మ కంప కొట్టి బండ్ల మీద తరలించే రోజుల్లో తారు రోడ్డు మీదే ముళ్లు రాలి ఉంటాయి. పల్లేరు మట్టి అంచున ఉంటుంది. సైకిల్‌ను మట్టిలోకి తోయకుండా తారు అంచునే ఆపి, ఎత్తి పక్కన పెట్టండి. ఈ ఒక్క అలవాటు సగం పంక్చర్లను తప్పిస్తుంది. ట్యూబుల్లో సీలెంట్ పోసుకుంటే చిన్న ముళ్ల చిల్లులు వాటంతటవే పూడుతాయి.

గాలి పోయిందా, వరుస ఇది:

1. చక్రం విప్పే ముందు టైరును మెల్లగా తిప్పుతూ ముల్లు కోసం చూడండి. కనిపిస్తే అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, ప్లయర్‌తో లాగండి.
2. వెనుక చక్రమైతే చైన్‌ను అన్నిటికన్నా చిన్న పళ్ల మీదికి తెచ్చి విప్పండి.
3. వాల్వుకు ఎదురుగా ఉన్న వైపు నుంచి లివర్ వేయండి. టైరు ఒక వైపు తీస్తే చాలు.
4. ట్యూబులో గాలి నింపి చిల్లు పట్టుకోండి. ట్యూబును టైరు పక్కన అదే తీరులో పెట్టి, చిల్లు ఎదురుగా టైరులో వెతకండి.
5. టైరు లోపలంతా గుడ్డతో రెండు వైపులకూ తుడవండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. వేలితో తడిమితే తెగుతుంది.
6. కొత్త ట్యూబుకు కొద్దిగా గాలి పట్టించి వేయండి. టైరు అంచును చివరగా వాల్వు దగ్గర చేత్తోనే ఎక్కించండి. లివర్‌తో ఎక్కిస్తే కొత్త ట్యూబు నలిగి చిల్లు పడుతుంది.
7. పాత ట్యూబుకు ప్యాచ్ రాత్రి లాడ్జిలో వేసుకోండి. జిగురు రాశాక ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. తడి మీద అంటిస్తే మర్నాటికి ఊడుతుంది.

పది నిమిషాల్లో మళ్లీ గాలి పోయిందంటే అయిదో అడుగు సరిగా చేయలేదనే అర్థం. తుమ్మ ముల్లు మొన విరిగి టైరు రబ్బరులో దాక్కుంటుంది. బయట నుంచి చూస్తే కనిపించదు.

## 7. నీళ్లు, తిండి, నిద్ర

చలికాలమైనా గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు తాగాలి. సైకిల్‌కు రెండు బాటిళ్లు, బ్యాగులో ఒక లీటరు. పల్లెల్లో నీళ్ల ప్లాంట్లు ఉంటాయి. కొన్ని కార్డుతోనే నడుస్తాయి, అక్కడున్నవారిని అడిగి నింపించుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీళ్లని ఉందో అంతే కలపాలి. రుచి కోసం చిక్కగా కలిపితే దాహం పెరుగుతుంది.

టిఫిన్ హోటళ్లలో ఇడ్లీ, పూరీ తొమ్మిదిన్నర దాటితే దొరకవు. భోజనం మండల కేంద్రాల్లోనే నమ్మకంగా దొరుకుతుంది: దేవరుప్పుల, పాలకుర్తి, మద్దూరు, చేర్యాల. మధ్యలోకి పల్లీపట్టీలు, అరటిపండ్లు, ఉడకబెట్టిన గుడ్లు. సంక్రాంతి దగ్గర్లో వెళ్తే సకినాలు దొరుకుతాయి, జేబులో పెట్టుకోవడానికి అంతకన్నా మంచి తిండి లేదు. దారిలో కల్లు మండువాలు కనిపిస్తాయి. తొక్కే పగటిపూట వద్దు.

లాడ్జికి ముందే ఫోన్ చేసి, సైకిల్ గదిలో పెట్టనిస్తారా అని అడగండి. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న జాతర ఆదివారాలు జరుగుతుంది. శనివారం సాయంత్రం నుంచే భక్తులు వస్తారు కనుక గదులు దొరకవు, రోడ్లు నిండిపోతాయి. ఆ రెండున్నర నెలల్లో రెండో రాత్రి శనివారం పడకుండా చూసుకోండి, లేదా ఆ రాత్రికి సిద్దిపేట వెళ్లిపోండి.

## 8. రోడ్డు మీద

పల్లెల్లో స్పీడు బ్రేకర్లకు రంగు ఉండదు. ఊరి బోర్డు కనిపించగానే వేగం తగ్గించండి. వడ్లు ఆరబోసిన చోట కంకర మీద నడిపినట్టు నిటారుగా, బ్రేకు వేయకుండా పోవాలి. వీలైతే దిగి నడిపించండి. అది ఒకరి ఆరు నెలల కష్టం, చక్రం దాని మీద పోనివ్వడం బాగుండదు.

కుక్కలు వెంటపడితే తొక్కి తప్పించుకోలేరు. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టి, గట్టిగా ఒక కేక వేసి నడవండి. కాస్త దూరం పోతే దాని హద్దు అయిపోతుంది. కరిస్తే సబ్బు, పారే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టండి. యాత్ర అక్కడితో ఆపాలి.

హైవే మీద ఎడమ అంచు తెల్ల గీతకు అర మీటరు ఎడమగా తొక్కండి. మరీ అంచుకు పోతే గాజు పెంకులు, ఇసుక. చీకటి పడ్డాక వరికోత మిషన్లు, రిఫ్లెక్టరు లేని ట్రాక్టరు ట్రాలీలు రోడ్డెక్కుతాయి. ఐదున్నరకు ఎక్కడున్నా గమ్యానికి ఐదు కిలోమీటర్ల లోపు ఉండాలి. లేదంటే సైకిల్‌ను ట్రాలీ ఆటోలో ఎక్కించండి.

ఎండలో తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, మాట తడబడడం మొదలైతే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడపండి. మాట తడబడుతోందంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

## 9. స్మారకాల దగ్గర

ఈ యాత్రలో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అందుకే కొంచెం నిదానంగా చదవండి.

ఊళ్లోకి వచ్చాక దిగి నడవండి. సైకిల్‌ను స్తూపానికి, దాని గద్దెకు ఆనించొద్దు. ఎదురుగా ఏ దుకాణం దగ్గరో నిలబెట్టి, ఛాయ్ చెప్పి, ఎక్కడి నుంచి వచ్చారో ఎందుకు వచ్చారో చెప్పండి. ఆ తర్వాత ఎవరో ఒకరు లేచి తామే చూపిస్తారు. గద్దె ఎక్కేముందు చెప్పులు విడవాలా అని వాళ్లనే అడగండి.

ముందు పేర్లన్నీ చదవండి, ఫొటో తర్వాత. అక్షరాలు మాసిపోయి ఉంటే సుద్దతో రుద్దొద్దు, నీళ్లు పోయొద్దు. పొద్దుటి ఏటవాలు వెలుతురు పక్క నుంచి పడేలా నిలబడితే చెక్కిన అక్షరాలు వాటంతటవే తేలతాయి. మధ్యాహ్నం ఎండలో ఏమీ కనిపించవు.

బైరాన్‌పల్లిలో బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది. రజాకార్లు, నిజాం సైనికులు వచ్చినప్పుడు ఊరివాళ్లు దాని మీది నుంచే ఎదిరించారు. పాత కట్టడం, రాయి జారుతుంది, పైకి ఎక్కొద్దు. చుట్టూ ఒకసారి మెల్లగా నడిచి, ఊరు దానికి ఏ వైపు ఉందో, దూరం నుంచి వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి కనపడతారో చూడండి. ఆ తర్వాత స్తూపం దగ్గరికి వెళ్తే పేర్లు చదివే తీరే మారుతుంది. చనిపోయినవారి సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఆ లెక్క ఊళ్లో తేల్చుకోవాలని చూడొద్దు.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు:

- తాత, అవ్వ, పెద్దనాయన అని వరస కలిపి పిలవండి, "మీరు" అనండి.
- "ఎంతమందిని చంపారు" అని మొదలుపెట్టొద్దు. "మీ ఇల్లు ఏ వాడ? అప్పుడు మీ ఇంట్ల ఎవరెవరు ఉండె?" అని అడగండి. చాలామంది తమ అమ్మానాన్నల దగ్గర విన్నదే చెప్తారు, అది ఓపిగ్గా వినాల్సిన మాట.
- కులం, మతం అడగొద్దు. దొర మనుషులుగా పనిచేసిన ఇళ్లూ, ప్రాణాలు పోగొట్టుకున్న ఇళ్లూ, ముస్లిం కుటుంబాలూ ఇప్పుడు ఒకే ఊళ్లో కలిసి బతుకుతున్నాయి. మీరు వెళ్లిపోయాక కూడా వాళ్లు అక్కడే ఉంటారు.
- రికార్డు చేయాలంటే ముందు అడగండి. వద్దంటే నోట్‌బుక్కు కూడా మూసేయండి.
- డబ్బులు ఇవ్వొద్దు. తీసిన ఫొటో ప్రింటు వేయించి పోస్టులో పంపితే సంతోషిస్తారు. అడ్రసు అప్పుడే రాసుకోండి.

విసునూరులో గానీ ఇంకెక్కడైనా గానీ గడి (దొరల పాత కోట లాంటి ఇల్లు) గోడలు కనిపిస్తే అడగకుండా లోపలికి పోవద్దు. పాములుంటాయి, కప్పులు కూలుతాయి, పైగా అది ఎవరిదో ఆస్తి.

## 10. ప్రతి సాయంత్రం పావుగంట పని

1. టైర్లు తిప్పి చూసి, గుచ్చుకున్న ముళ్లు, గాజు ముక్కలు తీసేయండి.
2. క్యారియర్ బోల్టులు బిగించండి.
3. చైన్ గుడ్డతో తుడిచి, బురద తగిలి ఉంటే ఒక్కో లింకుకు ఒక్కో చుక్క ఆయిల్ వేసి, మిగిలింది మళ్లీ తుడవండి. ఆయిల్ కారుతూ వదిలేస్తే దుమ్ము పట్టి సానపట్టినట్టు అరుగుతుంది.
4. బ్రేకులు నొక్కి చూడండి. లివరు హ్యాండిల్‌కు తగులుతుంటే వైరు బిగించండి.
5. ఫోన్, లైట్లు ఛార్జింగ్‌కు పెట్టండి. బాటిళ్లు కడగండి.
6. ఆ రోజు చదివిన పేర్లు, విన్న మాటలు నోట్‌బుక్కులో ఊరి పేరుతో సహా రాయండి. మూడో రోజుకు ఏ మాట ఏ ఊళ్లో విన్నారో కలగలిసిపోతుంది.
7. రేపటి మొదటి ఊరికి ఎన్ని కిలోమీటర్లో చూసి, ఎనిమిదిన్నర లోపు చేరేలా అలారం పెట్టుకోండి.